తొలి సభలో చెప్పని మాట

ఢిల్లీ, 18-8-1997

చెల్లి హైమావతికి దీవెనలు. నా మోకాళ్ల గురించి బెంగ పెట్టుకోకు, కులాసాగానే ఉన్నాను. మీ అమ్మాయి శ్రీసుధ నా చెయ్యి వదలడం లేదు.

నిన్న తొలి లోక్‌సభ సభ్యులకు ఒక సంఘం వారు సన్మానం చేశారు. మిగిలింది కొద్దిమందిమే. అప్పట్లో ఇంగ్లీషూ హిందీ రాక నేను అయిదేళ్లూ నోరు విప్పలేదని నీకు తెలుసుగా. ఈసారి మైకు ఇవ్వగానే తెలుగులోనే చెప్పేశాను. "మా లంకల్లో ఆడవాళ్లు పురుటి నొప్పులతో పడవెక్కి గోదావరి దాటుతున్నారండి. అక్కడే ఆసుపత్రి పెట్టించండి. ఇది యాభై రెండులోనే అడగాలనుకున్నానండి" అన్నాను. శ్రీసుధ దాన్ని హిందీలో చెప్పింది. సభ అయ్యాక, ఇప్పటి సభ్యురాలు ఒకావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. వాళ్లది బ్రహ్మపుత్ర ఒడ్డట. "మా దగ్గరా ఇంతేనమ్మా. మీ ఊరి పేరు కూడా చేర్చి పార్లమెంటులో అడుగుతాను" అందని శ్రీసుధ చెప్పింది. ఆవిడకు పలకడం వచ్చేదాకా మన ఊరి పేరు చెప్పించాను.

కడియం నుంచి తెచ్చిన మల్లె అంటుమొక్కలకు నీళ్లు పోయిస్తున్నావా? మాగాయ జాడీకి గుడ్డ కట్టు, ఈ ముసురుకి పాడవుతుంది. శనివారం రాజమండ్రిలో దిగుతాం, స్టేషనుకి రిక్షా పంపు. మరిదిగారిని అడిగానని చెప్పు. శ్రీసుధ నన్ను "మెంబరుగారూ" అని పిలుస్తోంది. నేను వద్దనడం లేదు.

మీ అక్క,
వెంకటరత్నమ్మ