కాంటా కంప్యూటర్ నోరు మూయించాను

సూర్యాపేట, సోమవారం రాత్రి

పొద్దున రోజూలాగే మిల్లు తెరిచి, కాంటాకు బొట్టు పెట్టి, కంప్యూటర్ ముందు అగరుబత్తి వెలిగించాను. మోతె నుంచి వడ్ల ట్రాక్టర్లు అప్పటికే వరుసలో ఉన్నాయి. కొత్త సిస్టమ్‌కు మారతావా అని తెర మీద మళ్లీ అదే ప్రశ్న. రోజూ నేను "తర్వాత" అని నొక్కి పంపిస్తున్నదే. ఈసారి తమ్ముడు శ్రీను నాకంటే ముందు కూర్చుని "సరే" నొక్కేశాడు.

"బోణీ కాకముందు ఎవరేమడిగినా వద్దనొద్దు గదక్కా!" అన్నాడు.

మధ్యాహ్నానికి తెర కొత్తగా మెరిసింది. తూకం వేసే ప్రోగ్రామ్ మాత్రం తెరుచుకోలేదు.

"ఏందక్కా, మీ కాంట నిద్ర పోయిందా? మబ్బు పట్టింది, వడ్లు తడుస్తయి," అంటూ మోతె రైతులు పక్క మిల్లుకు పోయారు. నాన్న ఉన్నప్పటి నుంచి మనకే పోసినవాళ్లు. మళ్లీ వస్తారో, రారో.

కోదాడ నుంచి మెకానిక్ వచ్చి పాత సిస్టమ్ ఎక్కించాడు. ఆ ప్రశ్న ఇక రాకుండా ఎక్కడ ఆపాలో చూపించమన్నాను. అప్‌డేట్లన్నీ నా చేత్తోనే ఆపాను. నెట్ వైరు కూడా పీకేశాను. "ఇగ అడుగు, సూస్తా," అని పైకే అన్నాను. జపమాల చేతిలోనే ఉంది. దేవుడు క్షమించాలి, ప్రాణానికి హాయిగా అనిపించింది.

సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని తేల్చాం. సీజన్ అయ్యేదాకా కంప్యూటర్ దగ్గర నేనే. శ్రీను రేపు మోతెలో ఇంటింటికీ తిరిగి రైతులను బతిమాలుకోవాలి.

"కారు తీస్కపోనీ వదినా," అంది మరదలు.

బస్సుంది కదా అన్నాను.