టాన్సీ సీసా

ఓపల్ గారూ,

మన పిల్లి టాన్సీ గుర్తుగా ల్యాబ్‌లో ఏమైనా మిగిలిందా అని మీరడిగితే, మెడపట్టీ కూడా లేదన్నాను. అబద్ధమాడాను. రిటైరయ్యే ముందు మీరు ఫ్రీజర్‌లో దాచిన దాని మలం డబ్బా, మీ చేతిరాతతో అలాగే ఉంది.

పిల్లి పొట్టలో పీచు ఎలా పులుస్తుందో చూడాలని, నిన్న దాన్ని కరిగించి, పీచు కోసం బీట్‌దుంప పిప్పితో సీసాలో కలిపి, పిల్లి ఒంటి వేడిలో ఉంచాను. మధ్యాహ్నానికి గ్యాసు పుట్టి, సీసా మూతకు గుచ్చిన సిరంజి పిడి దానంతటదే పైకి లేచింది.

"పిల్లి చచ్చి ఏడు వారాలైనా దీని పొట్ట డ్యూటీ దిగలేదే!" అని నాతో పనిచేసే డ్వైట్ నవ్వాడు.

ఇవాళ సాయంత్రం ఐదింటికి యాసిడ్ పోసి, అందులో బతికున్న టాన్సీ పొట్ట సూక్ష్మజీవుల్ని చంపి, పులియడం ఆపెయ్యాలి. నాకు చేతులు రావడం లేదు.

అది పోయేటప్పుడు దగ్గర లేనని ఏడ్చారుగా. డ్వైట్ చేతికే ఈ ఉత్తరమిచ్చి పంపుతున్నాను. ఐదులోపు రండి. సీసా ఇంకా వెచ్చగానే ఉంది.