పక్కన కూర్చునే మనిషికి వీసా

2006 జూన్ 4
బెల్జియం నుంచి మెయిల్! ఏప్రిల్‌లో ఎగ్జిబిషన్‌లో మా చీర కొన్న మార్తా మేడమ్‌ది. పాత నేత బట్టలు బాగుచేసే వాళ్ల వర్క్‌షాప్‌లో రెండేళ్ల పని. వర్క్ పర్మిట్ వాళ్లే తీస్తారట, అది వచ్చాకే వీసా. పర్మిట్ ఒకరికే, వెంట వచ్చే రెండో మనిషి డిపెండెంట్. చీరకూ పట్టు అంచుకూ పోగు పోగునా కలిపే కుప్పడం తెలిసిన మనిషే కావాలట. అంటే నేను. నెట్ సెంటర్లోనే కళ్లనీళ్లు వచ్చాయి.

జూన్ 5
మా ఆయన మధుసూదన్ అన్నం ముందు నుంచి లేచిపోయాడు. పెండ్లాం ఎనక డిపెండెంట్‌గ పోతే గద్వాలల నా మొకం ఏం గావాలె అని. నీ మొకం సంగతి నాకెందుకయ్యా!

జూన్ 12
ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ కోసం చేనేత సొసైటీకి పోయాను. సెక్రటరీ ఈరన్న మా నేత కార్డు చూశాడు. దాని మీద మా ఆయన పేరే. మగ్గం గుంటలో కూర్చుని పోగు చుట్టిన నాడె విసిరేవాడు నేతగాడు, పక్కన కూర్చుని కుప్పడం వేసే ఆడది సాయం. మా దగ్గర ఎప్పుడూ ఇదే లెక్క. సాయం జేసెటోళ్లకు సర్టిఫికెట్ ఏందమ్మా అని నవ్వాడు. పెళ్లయిన నాటి నుంచి నా వేళ్లు అరిగింది సాయంలోనా? ఒళ్లు మండిపోయింది.

జూలై 2
దొంగ మొగుడు! సర్టిఫికెట్ తన పేరున రాయించుకుని బెల్జియం పంపాడు. కుప్పడం తనే వేస్తాడని కూడా రాయించాడు. ఆయనకు ఒక్క పోగు కలపడం రాదు. అడిగితే, ఎవలు వోతే ఏంది, ఇల్లు ఒక్కటే గదా, నువ్వే డిపెండెంట్‌గ రా అంటాడు. అక్కడా ఈయన పేరున నేను నేస్తూ కూర్చోవాలా?

జూలై 3
అత్త యాదమ్మ బుజ్జగించింది. నేను గూడ పానం మంచిగున్నన్ని దినాలు పక్కకే కూసున్న బిడ్డా, ఏమైంది చెప్పు అని. ఏమైందో ఆమెకే తెలియకపోవడం చూసి ఇంకా మండింది.

జూలై 20
రేపు మార్తా మేడమ్ వస్తోంది. పర్మిట్‌కు అప్లై చేసే ముందు పని కళ్లారా చూడాలట. ఈయన చొక్కా ఇస్త్రీ చేయించాడు. నువ్వు ఎప్పటిలెక్కనే పక్కకు కూసో, నోరు మాత్రం తెరవకు అని వార్నింగ్. సరే.

జూలై 21
పక్కనే కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.
ఆయన నాడె విసిరాడు. మళ్లీ విసిరాడు. చీర ఒక దిక్కు, అంచు ఒక దిక్కు. మేడమ్ నా వైపు చూసింది.
అప్పుడు తెరిచాను నోరు. గుంటలకెల్లి లెవ్వు అన్నాను ఆయన్ని.