మ్యాగజైన్ అడుగున రబ్బరు పట్టీ

మంగళవారం రాత్రి. నాకు రాయడం రాదు, ఈ డైరీ నేను చెబుతుంటే కోడలు రాస్తోంది.

నా మనవడు, దాని కొడుకు, రేపు అడవిలో పోలీసు డ్యూటీకి తిరిగి వెళ్తున్నాడు. తుపాకిలో తూటాలు నింపి పెట్టే మ్యాగజైన్ల అడుగున తొడగడానికి, ఉచ్చులా వేలాడే రబ్బరు పట్టీలు తెప్పించుకున్నాడు.

“తూటాలైపోతే, చెమట చేత్తో పట్టుకున్నా కొత్త మ్యాగజైన్ నడుము సంచిలోంచి ఒక్క లాగుతో వచ్చేస్తుంది నాయనమ్మా.”

“ఏడిశావులే! మీ తాత కూడా కొడవలి చప్పున అందాలని పిడికి తాడు ఉచ్చు కట్టి నడుముకి దోపుకున్నాడు. మామిడిచెట్టు దిగుతుంటే ఆ ఉచ్చు కొమ్మకి తగులుకునే కదా పడి చచ్చిపోయాడు! ఇది ముళ్లకంపకి తగులుకుంటే?”

“తగులుకోవచ్చు. కానీ చెయ్యి జారితే రెండోసారి లాగే టైమ్ ఉండదే.”



వాడు పడుకున్నాక పట్టీలు కోసేద్దామని కత్తి తీసుకుని బ్యాగు తెరిచాను. అవి ఉంటే ముప్పో, లేకపోతే ముప్పో నాకెవరు చెబుతారు? కోయలేక బ్యాగు మూసేశాను. కోడలు రాస్తూ ఏడుస్తోంది. కత్తి ఇంకా నా చేతిలోనే ఉంది.