అన్న తెచ్చిన కుండ

వదినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు, నీ సమాధి దగ్గరికి రాలేక ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను.

అడవి గూడేలకు అన్నం పంపుతున్న మన మహిళా సంఘం దగ్గర డబ్బు అయిపోయింది. హైదరాబాద్‌లో ఒక ట్రస్టు అత్యవసర సాయం ఇస్తానంది. కానీ వాళ్ల మేడమ్ ఫోన్‌లో "ఇందులో మీ వాటా ఏంటి?" అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. కూలి పనుల్లేని ఆడవాళ్లం, ఏం వాటా పెడతాం?

పక్కింటి సుగుణమ్మ నవ్వింది. "గట్ల కోపానికొస్తవేంది? చర్చి మూసిన కాడికెల్లి మన గుప్పెడు బియ్యం ఇండ్లల్లనే ఉన్నయి గదా!"

వంటకు ముందు దేవుడి పేరున గుప్పెడు తీసి కుండలో వేయడం మాకు నువ్వు నేర్పిందే. ఆదివారం చర్చికి ఇచ్చేవాళ్లం. చర్చి మూసినా ఎవరూ మానలేదు. అందరం కుండలు తెచ్చి బస్తాల్లో పోశాం, మేడమ్‌కు ఫోటో పంపాం. ఈరోజు సాయం అందింది, వదినా! పప్పు, నూనె కొన్నాం.

అన్న కూడా ఒక కుండ తెచ్చాడు. నువ్వున్నప్పుడు పొయ్యి దగ్గరికి రాని మనిషి.

"మీ వదిన రోజూ పెట్టేది. నేనెట్ల ఆపుత?" అన్నాడు.

ఆయన చెయ్యి పెద్దది కదా, కుండ అంచుదాకా నిండింది. రేపు ముందుగా ఆ బియ్యమే వండుతాం.