ఆగని ఉప్పల్ చౌరస్తా

యాదగిరీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ కంప్యూటర్‌లో నువ్వు మెచ్చిన ఆ ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచాను. చివరిసారి నువ్వు ఎక్కడ వదిలావో అక్కడే, సగం రాసిన విండోలతో సహా, అందులో నువ్వు తయారుచేసిన ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్ బొమ్మ తెర మీదికి వచ్చింది. బొమ్మ బస్సులు ఇంకా తిరుగుతున్నాయి. ఒకటి పరుగెత్తుతుండగానే దాని వేగం మార్చాను. ప్రోగ్రాం ఆగలేదు. లోపలి రాతంతా ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, దిద్దుకోవచ్చు. ఇంత దాపరికం లేనితనం నాకు మనుషుల్లో కనబడలేదు.

సాయంత్రం ప్రభాకర్ వచ్చాడు. "ఊకె దొరికేదానికి ఇజ్జత్ ఉండదు, గిది పోరగాండ్ల ఆట" అని నీ క్లాసు ముందే నవ్వి, నువ్వు పాఠాలు చెప్పే నాచారం ఇన్‌స్టిట్యూట్ నుంచి నిన్ను వెళ్లగొట్టినవాడే.

"అన్నా, యాదగిరి చౌరస్తా జర కాపీ ఇయ్యరాదే. మా క్లాసు పిల్లలకు సూపిస్త."

"ఆటకు ఇజ్జత్ ఎప్పుడొచ్చిందిరా?"

"గా పాత ముచ్చట్లు ఇప్పుడెందుకే?"

తలుపు వేసేద్దామనుకున్నాను. కానీ అడిగినవాడికి లేదనకూడదని నీ చౌరస్తాకు షరతు రాసిపెట్టింది నువ్వే. నీ పేరు తీయొద్దని చెప్పి ఇచ్చాను. వాణ్ణి క్షమించాలని మాత్రం ఆ షరతులో ఎక్కడా లేదు. మళ్లీ చదివి చూసుకున్నాను.