పేర్లు వద్దు, నంబర్లు పంపు

ప్రియమైన అక్కకి,

నవ్వనంటే ఒక సంగతి చెబుతాను. ఈ ఏడాది మీ బడి ఫైలు నా బల్ల మీదకే వచ్చింది! విద్యాశాఖ ఆఫీసులో ఇంతమంది ఉండగా, అక్క హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న బడిని బాగుచేసే ప్రణాళిక చెల్లెలే రాయాలట. మన చుట్టరికం మా పెద్దసారుకి ముందే చెప్పేశాను. "మరీ మంచిది, మీ అక్కగారైతే లెక్కలు దాచకుండా పంపుతారు" అన్నాడాయన.

నవ్వింది చాలు, ఇక విను. మీ మూడో తరగతి పిల్లల్లో చదవడం రానివాళ్ళు ఎక్కువైపోయారు. ఏడాది చివరి చదువు పరీక్షలో సగానికి పైగా గట్టెక్కకపోతే బడి మూసేసి, పిల్లల్ని హైవే అవతలి పెద్ద బడిలో కలిపేస్తారు. నీ బడి మీదకి ఆ గండం రానివ్వను. నేను పంపే కాగితం మీద పిల్లలు ఎప్పుడూ చూడని నాలుగు పేరాలున్నాయి. ఒక్కొక్కళ్ళనీ పిలిచి చదివించు, మార్కులు నాకు పంపు.

ఒక్క షరతు. పేర్లు వద్దు, నంబర్లు పంపు. హాజరుపట్టీ నంబర్లు కూడా కాదు, నువ్వే కలగాపులగంగా కొత్తవి వెయ్యి. రేపెవరూ నన్ను వేలెత్తి చూపకూడదు. పైగా పేరు కనబడితే నా చెయ్యి ఆగిపోతుంది, నా సంగతి నీకు తెలీనిదా?

నా పిచ్చుక ఎలా ఉంది? ఆయన పోయాక దాన్ని నీ ఒళ్ళో పెట్టి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. ఈ హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు, వేరే ఇల్లు తీసుకునే జీతమా కాదు. సెలవుల్లో వచ్చినప్పుడు పుస్తకం వంక చూడకుండా పాఠం పాఠమంతా అప్పజెప్పింది గుర్తుందా? దాని చదువు గురించి నాకు దిగుల్లేదు. దాన్ని రోజూ చూసుకోలేకపోతున్నానన్నదే దిగులు. ఫోను చేస్తే నీతో ఒక్క ముక్క మాట్లాడనివ్వదు కదా, అందుకే ఈ ఉత్తరం.

ప్రేమతో,
నీ చెల్లి

*

ప్రియమైన చెల్లీ,

నవ్వలేదు గానీ మీ బావ మాత్రం పగలబడి నవ్వాడు. "చిన్నప్పుడు మీ చెల్లి లెక్కలు నువ్వు చేసిపెట్టేదానివి, ఇప్పుడు నీ లెక్కలు తను చూస్తోంది" అని.

పరీక్ష పెట్టాను. నిజం చెప్పనా? చదవగలరని నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగిన పిల్లలు కూడా ఆ కొత్త కాగితం ముందు నీళ్ళు నమిలారు. పాఠాల్లో పరీక్ష పెడుతూ మేమిన్నాళ్ళూ మమ్మల్ని మేమే మోసం చేసుకున్నాం. ఈ ఒక్క విషయంలో మీ ఆఫీసుకి దణ్ణం పెట్టాలి. మార్కులు పంపుతున్నాను, నువ్వడిగినట్టే నంబర్లతో. కలగాపులగంగానే వేశాను.

పిచ్చుకకి ఆటకీ, కబుర్లకీ ఏం తక్కువ లేదు. దాని నోట్లో నువ్వుగింజ నానదు. "మా అమ్మ మన బడి బాగుచేస్తోంది" అని తరగతంతా టాంటాం వేసింది. దాని చదువు సంగతి నువ్వొచ్చినప్పుడు మాట్లాడుకుందాం. వీలు చూసుకుని ఒకసారి రా. రాగలవా?

మీ అక్క

*

ప్రియమైన అక్కకి,

రావడమెక్కడ! నా బల్ల మీద పదిహేను బళ్ళ ఫైళ్ళున్నాయి, తల తిప్పే తీరిక లేదు. కానీ నీకు శుభవార్త.

నీ మార్కులకి రంగులు వేశాను. పచ్చ అంటే చదివేవాళ్ళు. పసుపు అంటే పాసు మార్కుల గీతకి కాస్త దిగువన ఉన్నవాళ్ళు, కొంచెం చెయ్యందిస్తే దాటేస్తారు. ఎరుపంటే ఈ ఏడాది ఏం చేసినా దాటలేనివాళ్ళు. మీ బడికి ఒక ప్రత్యేక టీచర్ని ఇప్పించాను. రోజూ మధ్యాహ్నం వేరే గదిలో, బొమ్మల పుస్తకాలతో, పన్నెండు మందికి చదవడం నేర్పుతుంది. పన్నెండు కుర్చీలే. ఆ కుర్చీలన్నీ పసుపువాళ్ళకి. వాళ్ళు దాటితే బడి దాటినట్టే.

ఎరుపువాళ్ళని ఈ ఏడాదికి వదిలెయ్యి. మాట కటువుగా ఉందని నాకూ తెలుసు. బడే మూతపడితే వాళ్ళని వచ్చే ఏడాది చూసుకునేదెవరు? నువ్వే ఆలోచించు.

పిచ్చుకకి ముద్దులు. ఈ మధ్య కలలోకి వస్తోంది, అక్కడా వాగుతూనే ఉంది.

నీ చెల్లి

*

ప్రియమైన చెల్లీ,

నీ ప్రణాళిక చదివాను. తప్పు పట్టడానికి నాకు లెక్కల్లో ఏమీ కనబడలేదు. అదే నా బాధ.

పంతొమ్మిదో నంబరు గురించి రాస్తున్నాను. ఎరుపులో అట్టడుగున ఉంది. ఆ పిల్లకి బుర్ర లేక కాదు, ఉన్న బుర్రంతా రానిదాన్ని వచ్చినట్టు చూపించడానికే ఖర్చు పెట్టేసింది. రెండేళ్ళు మా అందరి కళ్ళూ కప్పింది. నీ పరీక్షే దాన్ని పట్టిచ్చింది. పట్టుకున్నాక వదిలెయ్యమంటే ఎలా? ఏడాది చివరికి అది గీత దాటదు, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు ఎవరో ఒకరు పక్కన కూర్చుంటే వచ్చే ఏడాదికి చదువుతుంది. ఇంకో ఏడాది పోతే సిగ్గుతో ముడుచుకుపోతుంది, ఆ తర్వాత ఎవరు చెప్పినా వినదు. ఇలాంటి పిల్లల్ని ఎంతమందిని చూశానో నేను.

పదమూడో కుర్చీ వెయ్యనీ. కుర్చీ నేనే మా ఇంట్లోంచి మోసుకొస్తాను. కుదరదంటే ఒక్క పూట వచ్చి దాన్ని చూసి వెళ్ళు. చూశాక కూడా వద్దంటే నోరెత్తను.

మీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి కోపమొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. పేర్లు ఎందుకు వద్దన్నానో నీకిప్పుడైనా అర్థమైందా? నంబరుకి మొహం తగిలిస్తున్నావు నువ్వు. పదిహేను బళ్ళలోనూ ఒక పంతొమ్మిదో నంబరుంది అక్కా. ప్రతి హెడ్మాస్టరూ ఇలాంటి ఉత్తరమే రాస్తున్నాడు. అందరికీ కాదని రాసి, మా అక్క బడికి మాత్రం అవునని రాయనా? పదమూడో మనిషి కూర్చుంటే టీచర్ని వెనక్కి పిలిపించేస్తారు, పెద్దసారు ఆ మాట రాసి మరీ సంతకం పెట్టాడు.

ఆ పిల్లకి కూడా ఒక తల్లి ఉంటుందిగా, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పుకోమను. అందరి పిల్లల్నీ నువ్వే మొయ్యాలంటే కుదరదు.

లిస్టు ఖాయం చేశాను. సోమవారం తరగతిలో చదివి వినిపించు.

పిచ్చుకకి కథల పుస్తకం పంపాను. నాలుగు వాక్యాలు రాయమను దాన్ని. అమ్మకి రాయడానికి కూడా బద్ధకమేనా?

నీ చెల్లి

*

చెల్లీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. లిస్టు చదివాను. పన్నెండు మందీ వెళ్ళి కూర్చున్నారు. టీచరమ్మ మంచిది, ఓపిక ఉన్న మనిషి.

కథల పుస్తకం అందింది. నిన్న ఫోను దగ్గరికి రాలేదని పిచ్చుక మీద అలగకు. దానికి ఒంట్లో బాగానే ఉంది.

అక్క

*

ప్రియాతిప్రియమైన అక్కకి,

గట్టెక్కాం! ఫలితాలు నీకంటే ముందు నేనే చూశాను. నా పసుపువాళ్ళలో ఇద్దరు తప్ప అందరూ దాటేశారు. మీ బడిని ఎవరూ ముట్టుకోరిక. పెద్దసారు అందరి ముందూ నా పేరు చెప్పి, మిగతా బళ్ళకీ ఇదే పద్ధతి అన్నాడు. మీటింగులో లేచి గంతెయ్యాలనిపించింది.

ఇంకా ఉంది. జీతం పెంచారు. ఇల్లు చూశాను, చిన్నదే గానీ మాదే. వచ్చే నెల వచ్చి నా పిచ్చుకని తెచ్చేసుకుంటాను. నువ్వూ బావా బెంగపడతారని తెలుసు. కానీ అక్కా, రాత్రి పక్కన చెయ్యి వేస్తే అది తగలాలి నాకు, అంతే.

దానికి వేరే చీటీ పెట్టాను. మీరెవరూ చదివి వినిపించకండి, అదే చదువుకోవాలి. "పిచ్చుకా, మన కొత్త ఇంటికి రెండు కిటికీలున్నాయి. ఒకటి నీది. గోడకి ఏ రంగు కావాలో నువ్వే రాసి పంపు. అమ్మ." ఇంతే. నీకు మాత్రం చెప్పేశాను, ఆగలేక.

నీ చెల్లి

*

చెల్లీ,

కూర్చుని చదువు. పక్కన ఎవరైనా ఉంటే మంచిది.

పంతొమ్మిదో నంబరు మన పిచ్చుకే.

పరీక్ష రోజు దాన్ని పిలిచి కాగితమిచ్చాను. ఎప్పటిలాగే గడగడా మొదలుపెట్టింది. కాగితం మీద ఉన్నది కుక్కపిల్ల కథ. అది చదువుతున్నది పుస్తకంలోని వాన పాఠం. వేలు మాత్రం ఒక్కో అక్షరం కిందా పొందిగ్గా జరుపుతోంది. నీకు సెలవుల్లో అప్పజెప్పిందే, నాకు రెండేళ్ళుగా అప్పజెబుతున్నదే! పక్కవాళ్ళు చదువుతుంటే విని మొత్తం నోటికి పట్టేసింది. నా ఇంట్లో, నా తరగతిలో, నా కళ్ళ ముందే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎందుకు చెప్పలేదంటావు. చెబితే నువ్వు లిస్టు మార్చేదానివి, ఇంకొకరి బిడ్డ కుర్చీలోంచి లేచేది, నీ ఉద్యోగం ఊడేది. ఇలా సర్దిచెప్పుకున్నాను. అదొక్కటే కాదు. పేరు తెలియని పిల్ల కోసం కూడా నా చెల్లెలు లేచి వస్తుందనుకున్నాను. నువ్వు రాలేదు. నాకు కోపమొచ్చింది. నీ మీద కోపం దాని మీద తీరింది, అంతే జరిగింది. నన్ను తిట్టు, పడతాను.

లిస్టు చదివిన రోజు సంగతి కూడా నువ్వు వినాలి. ఆ లిస్టు వాళ్ళమ్మే పంపిందని దానికి తెలుసు, తరగతంతటికీ చెప్పుకుంది కూడా. సంచీ భుజానికి తగిలించుకుని బెంచీ చివర రెడీగా కూర్చుంది. నేను ఒక్కో పేరూ చదువుతుంటే లేవబోయేది, మళ్ళీ కూర్చునేది. ఆఖరి పేరు అయ్యాక లేచి నిలబడింది. బడిలో నన్ను టీచర్ అనే పిలుస్తుంది. ఆ రోజు మాత్రం "పెద్దమ్మా, కాగితం వెనక కూడా ఉందేమో చూడు" అంది. తిప్పి చూశాను. ఏముంటుంది వెనక? తెల్లగా ఉంది. దాని కోసం ఇంకోసారి కూడా తిప్పాను.

ఇంట్లో చెప్పుకోమన్నావు. ఆ రోజు నుంచీ ప్రతి సాయంత్రం కూర్చోబెట్టాను. "అమ్మ నన్ను వద్దంది కదా" అని పుస్తకం మూసేస్తుంది. గట్టిగా అనదు, ఏడవదు. ఏడిస్తే ఎత్తుకుని ఓదార్చేదాన్ని. నీ కథల పుస్తకం చుట్టిన కాగితం కూడా విప్పకుండా పెట్టెలో పెట్టింది. మాటలు తగ్గిపోయాయి. మీ బావ దాన్ని పిచ్చుకా అని పిలవడం మానేశాడు, నోరు రావడం లేదట.

వచ్చే నెల దాకా ఆగకు. ఈ ఉత్తరం అందగానే బస్సెక్కు. వచ్చి ఏం చెబుతావో నాకు తెలీదు, మీ ఇద్దరి మధ్యా నేను ఉండను. రా, చాలు.

నీ చీటీ నిన్న దాని చేతిలో పెట్టాను. "నేనే చదువుకుంటా" అని కిటికీ దగ్గర కూర్చుంది. చాలా రోజుల తర్వాత దాని గొంతు పెద్దగా విన్నాను. అక్షరాల కింద వేలు జరుపుతూ, ఎక్కడా తడబడకుండా చదివింది. "నా బంగారు పిచ్చుకా, అందరికంటే ముందు నీ పేరే రాశాను. పెద్దమ్మకి కళ్ళు సరిగ్గా కనబడక చదవలేదు. నీ కుర్చీలో ఎవ్వరినీ కూర్చోనివ్వద్దని టీచర్‌కి చెప్పాను. ఇట్లు, అమ్మ."

చదివి, చీటీ మడిచి గుప్పెట్లో పెట్టుకుంది. "బాగా చదివానా పెద్దమ్మా?" అని అడిగింది.

బాగా చదివావమ్మా అన్నాను.

మీ అక్క